ట్రైనర్లకి నవ్వడం నేర్పమన్నారు: విజయవాడలో ఒక జిమ్ కేసు

చిన్న సేవా వ్యాపారాల్లో కస్టమర్లు ఎందుకు విసిగిపోతున్నారో చూసి, దాన్ని సరిచేయించడం నా పని. డయాగ్నస్టిక్ సెంటర్లు, సెలూన్లు, ట్యూషన్ సెంటర్లు, మధ్యమధ్యలో జిమ్‌లు. ఈ కేసు విజయవాడలో ఒక సెల్లార్ జిమ్‌ది. ఓనరు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. జిమ్‌నీ మనుషుల్నీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఫీజు అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి రౌండ్ చేశాను.

2025 దసరా వెళ్లాక ఓనరు ఫోన్ చేశారు. ఆయన అడిగింది ఒక్కటే. "మా ట్రైనర్లకి ఒక రోజు బిహేవియర్ ట్రైనింగ్ పెట్టండి సార్. మెంబర్లతో మాట్లాడే పద్ధతి తెలియట్లేదు వీళ్లకి. కాస్త నవ్వుతూ పలకరించమని చెప్పండి, చాలు."

ఇలాంటి ట్రైనింగులు ఇచ్చేవాళ్లకి కొదవ లేదు. పొద్దున ప్రొజెక్టరు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్టు, గ్రూప్ ఫొటో. వారం తిరిగేసరికి అంతా మామూలే. సిబ్బంది మొహంలో నవ్వు లేదంటే, వాళ్లకి ఏ పనికి డబ్బులు వస్తున్నాయో ముందు చూడాలన్నది నా అనుభవం. ముందు నన్ను ఫ్లోర్ మీద, అంటే మెంబర్లు వ్యాయామం చేసే చోట, కూర్చోనివ్వండి, ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు.

ఫిర్యాదులు ఎక్కడ దొరికాయి

రిసెప్షన్ పక్కన గోడకి సలహాల పెట్టె ఉంది. దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అసలు ఫిర్యాదులన్నీ మెంబర్లు తమలో తాము పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. ఒక పాత మెంబరు ఆ గ్రూపు తెరిచి చూపించారు. ఏసీ వేయరు, వేసినా చల్లబడదు. రెండు ట్రెడ్‌మిల్లులు నెలలుగా మూలపడ్డాయి. పన్నెండున్నర కేజీల డంబెల్ జతలో ఒకటే ఉంది. సాయంత్రం బాత్రూమ్‌లోకి అడుగు పెట్టలేం. ట్రైనర్లు ఫోన్లలో తలదూర్చి కూర్చుంటారు. పీటీ (విడిగా ఫీజు కట్టే పర్సనల్ ట్రైనింగ్) తీసుకున్నవాళ్ల చుట్టూనే తిరుగుతారు. ఫీజు గురించి అడిగితే రిసెప్షన్‌లో చిరాకు పడతారు.

వీటికి ఈ మధ్యే ఇంకోటి చేరింది: "జీఎస్టీ తగ్గింది కదా, మా ఫీజు ఎందుకు తగ్గలేదు?" అడగడంలో న్యాయం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆ మాట టీవీలో అందరూ విన్నారు. వాళ్లు విననిది రెండో సగం. 5 శాతం రేటుతో పాటు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ పోయింది. అంటే అద్దె మీద, మెషిన్ల మీద ఓనరు కట్టే పన్ను ఇక వెనక్కి సర్దుకోవడానికి వీల్లేదు. కాబట్టి తగ్గిన 13 శాతమూ ఆయన జేబులో మిగిలిందనలేం. అలాగని మెంబరుకి పైసా తగ్గించకుండా మౌనంగా ఉండటమూ కుదరదు. ఆయన చేసింది మాత్రం అదే. అడిగినవాళ్లకి రిసెప్షన్‌లో వచ్చిన జవాబు: "అదేం మాకు తెలీదండి."

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది, రెన్యువల్ చేయించుకోకుండా మానేసినవాళ్లకి ఫోన్ చేయడం. ఎందుకు మానేశారంటే మొదట అందరిదీ ఒకటే మాట: "టైమ్ కుదరట్లేదండి." ఉన్నమాట ముఖం మీద చెప్పడం మనవాళ్లకి మొహమాటం. "టైమ్ కుదిరితే మళ్లీ ఇక్కడికే వస్తారా?" అని అడిగితే కాసేపు ఆగేవారు. ఆ తర్వాత అసలు సంగతి వచ్చేది. ఒకావిడ అన్నారు: "చేరేదాకా రోజూ ఫోన్ చేశారండీ. చేరాక మూడు వారాలు వచ్చాను. ఒక్కరు కూడా నా పేరు అడగలేదు."

ఫ్లోర్ మీద కనిపించినవి

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేర్వేరు వేళల్లో వెళ్లి, సైకిల్ మీద కూర్చుని నెమ్మదిగా తొక్కుతూ చూశాను. చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడితే అందరూ సర్దుకుంటారు. సైకిల్ తొక్కే మనిషిని ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడ ఒక సాయంత్రం జరిగినది చెప్పాలి. అరవైకి దగ్గరపడ్డ ఒకాయన లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టే మెషిన్) దగ్గర నిలబడి సీటు ఎలా వెనక్కి జరపాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నారు. మోకాళ్ల నొప్పి, బరువు తగ్గమని డాక్టర్ చెప్పారట. నాలుగడుగుల దూరంలో ఇద్దరు ట్రైనర్లు ఉన్నారు. ఒకతను తన పీటీ క్లయింటు చేత బెంచ్ ప్రెస్ చేయిస్తూ రెప్స్ లెక్కపెడుతున్నాడు. రెండో అతను ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయనే వెళ్లి అడిగారు.

"బాబూ, ఇది కాస్త చూపిస్తావా?"

"అంకుల్, మీకు మోకాళ్లు కదా, పీటీ తీసుకోండి. నేను దగ్గరుండి చేయిస్తా."

"అది తర్వాత చూద్దాం లే నాన్నా. ఇప్పుడు ఈ సీటు..."

"ఆ పక్కన పిన్ ఉంటుంది, లాగండి అంకుల్."

ఆయన పిన్ లాగారు. సీటు కాదు, బరువు పిన్ ఊడి వచ్చింది. దాన్ని మళ్లీ పెట్టేసి, వెళ్లి సైకిల్ ఎక్కారు. నా పక్కదే. "మొదటి నెలలో ఈ అబ్బాయే ఎంత మర్యాదగా ఉండేవాడో," అన్నారు నాతో. ట్రైనర్ మాటల్లో బూతు లేదు, అరుపు లేదు. అంకుల్ అంటూనే ఉన్నాడు. ఎంత మంచి బిహేవియర్ ట్రైనింగ్ ఇచ్చినా అతను మార్చుకోవాల్సిన మాట ఒక్కటీ దొరకదు.

ఇక మెషిన్లు. కార్డియో వరుసలో రెండు ట్రెడ్‌మిల్లుల మీద "అవుట్ ఆఫ్ ఆర్డర్" కాగితాలు ఉన్నాయి, అంటించిన టేపు పసుపెక్కింది. వాటి మీద ఎవరూ ఎక్కరు కాబట్టి వాటితో ప్రమాదం లేదు. నన్ను భయపెట్టింది పనిచేస్తున్న మూడోది. ట్రెడ్‌మిల్‌కి ఒక సేఫ్టీ కీ ఉంటుంది: ఒక చివర అయస్కాంతం, రెండో చివర బట్టలకి తగిలించుకునే క్లిప్, మధ్యలో దారం. మనిషి జారిపడితే దారం లాగి అయస్కాంతం ఊడుతుంది, బెల్టు ఆగిపోతుంది. ఇక్కడ ఆ కీ ఎప్పుడో పోయింది. కీ లేకపోతే మెషిన్ స్టార్టవదు కాబట్టి, ఎవరో ఫ్రిజ్ మీద అంటించుకునే బొమ్మ వెనక అయస్కాంతం ఊడదీసి ఆ చోట పెట్టి, పైన సెల్లోటేపు వేశారు. మామిడిపండు బొమ్మ. ఎవరు పడిపోయినా బెల్టు తిరుగుతూనే ఉంటుంది. లాట్ పుల్‌డౌన్ (పైనుంచి బరువు కిందికి లాగే మెషిన్) కేబుల్ మీది ప్లాస్టిక్ తొడుగు చిరిగి లోపలి ఉక్కు తీగలు బయటికొచ్చాయి. వాటికి కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టారు. ఆ రెండు మెషిన్లూ ఆ పూటే ఆపించాను. నా రిపోర్టు రాసేదాకా ఆగే విషయం కాదది.

మూలపడ్డ ట్రెడ్‌మిల్లులది వేరే కథ. రెండుసార్లు కంట్రోల్ బోర్డు మార్పించారట, బాగానే ఖర్చయింది. చేయి పెట్టి చూస్తే బెల్టు అడుగుభాగం ఎండిపోయి గరుకుగా ఉంది. బెల్టుకీ దాని కింది చెక్కకీ మధ్య అప్పుడప్పుడు సిలికాన్ ఆయిల్ వేయాలి. వేయకపోతే రాపిడి పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, బోర్డు వేడెక్కి పోతుంది. బోర్డు మార్చి రాపిడిని అలాగే వదిలేస్తే కొత్త బోర్డుకీ అదే గతి. ఆయిల్ సీసా ఖరీదు కొన్ని వందల రూపాయలు. అది వేయడం ఎవరి పని అని అడిగితే ఓనరు ట్రైనర్లవైపు, ట్రైనర్లు రిసెప్షన్‌వైపు చూశారు. ఏఎంసీ, అంటే మెషిన్ల నిర్వహణకి ఏడాది ఒప్పందం, లేదు.

ఏసీ సంగతి మహిళలు ఎక్కువ చెప్పారు. పిల్లల్ని స్కూలుకి పంపి పదిన్నరకి వచ్చే బ్యాచ్‌కి ఏసీ వేయరు, ఓనరు ఆర్డరు. "పదిమంది కూడా ఉండరు, బిల్లు దండగ" అని లెక్క. వాళ్లూ సాయంత్రం వాళ్లంతే ఫీజు కట్టారు మరి. సాయంత్రం ఏసీ వేస్తారు కానీ వాసన పోదు, అందుకు కారణం వేరు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ లోపలికే వదులుతుంది. బయటి గాలిని తీసుకురాదు. సెల్లార్‌లో కిటికీల్లేవు, ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను బాత్రూమ్‌ది. యాభైమంది చెమట పట్టే చోట ఎన్ని టన్నుల ఏసీ పెట్టినా ఆ గాలి అక్కడే తిరుగుతుంది. రూమ్ ఫ్రెషనర్ కొడితే వాసన ఇంకా ఘోరం.

బాత్రూమ్ విషయం తేలిగ్గా తేలింది. శుభ్రం చేసే ఆమె పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఉండి వెళ్లిపోతుంది. జనం ఎక్కువుండేది సాయంత్రం. సాయంత్రం రావడానికి వీలవదా అని అడిగితే ఆమె ఆశ్చర్యపోయింది. "వస్తానండి, ఎందుకు రాను? ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు."

ఒక విషయం మాత్రం వాట్సాప్ గ్రూపులో లేదు. ఇద్దరు మహిళా మెంబర్లు విడిగా, మెల్లగా చెప్పారు. ఒక ట్రైనర్ ఫామ్ (వ్యాయామం చేసేటప్పుడు ఒంటి భంగిమ) సరిచేసే పేరుతో అడగకుండా నడుము మీద, భుజం మీద చేయి వేస్తాడు. దురుద్దేశం ఉందని వాళ్లు అనలేదు, ఇబ్బందిగా ఉందన్నారు. మధ్యాహ్నం తర్వాత లేడీ ట్రైనర్ ఉండదు కాబట్టి చెప్పుకోవడానికి మనిషి లేదు. "పెద్దది చేస్తే ఇంట్లో జిమ్మే మానేయమంటారు" అని ఒకావిడ భయం. దీన్ని ఓనరు "చిన్న విషయం" అన్నప్పుడు నేను గొంతు పెంచాల్సి వచ్చింది. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013 ఉద్యోగినులకి మాత్రమే అనుకుంటారు చాలామంది. అందులో బాధిత మహిళ నిర్వచనంలో "ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా" అని స్పష్టంగా ఉంది. జిమ్ ట్రైనర్లకి పని ప్రదేశం. అక్కడికి వచ్చే మెంబరు కూడా ఫిర్యాదు చేయొచ్చు. పదిమంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉంటే అంతర్గత కమిటీ పెట్టాల్సిందే. అంతకు తక్కువుంటే జిల్లాలోని లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. ఈ మాటలయ్యాక ఆయన "చిన్న విషయం" అనలేదు.

ట్రైనర్ల వైపు నుంచి

పొద్దున ఐదు నుంచి పది, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి పది. మధ్యలో ఇంటికెళ్లి రావడానికి దూరమైనవాళ్లు మధ్యాహ్నం స్ట్రెచింగ్ మ్యాట్ల మీదే పడుకుంటారు. జీతం పదో తేదీ దాటాక వస్తుంది. ఆ జీతం గది అద్దెకీ పెట్రోలుకీ సరిపోతుంది. మిగతా బతుకంతా పీటీ ఫీజులో వచ్చే వాటా మీదే. నెలకి ఇన్ని పీటీలు తేవాలని టార్గెట్ ఉంది. ప్రొటీన్ డబ్బా అమ్మితే దాని మీద కొంత.

ఇప్పుడు లెగ్ ప్రెస్ దగ్గర నిలబడ్డ పెద్దాయనకి సీటు సరిచేసి, పది నిమిషాలు దగ్గరుండి చేయిస్తే ఆ ట్రైనర్‌కి ఏమొస్తుంది? ఏమీ రాదు. అంతకంటే ఘోరం, నష్టం కూడా. ఉచితంగా అన్నీ చూపిస్తే ఆయన పీటీ ఎందుకు తీసుకుంటారు? సాయం చేయకుండా ఉండటమే అతని ఆదాయ మార్గం. సీనియర్ ట్రైనర్ ఒకతను దాచుకోకుండా చెప్పాడు: "అన్నా, నాకూ నేర్పాలనే ఉంటుంది. కానీ నెలాఖరుకి టార్గెట్ షీట్‌లో 'అంకుల్‌కి సీటు సరిచేశాను' అని రాసుకునే గడి లేదు."

రిసెప్షన్‌లో అమ్మాయిదీ అంతే. కొత్త అడ్మిషన్‌కి కమీషన్ ఉంది, రెన్యువల్‌కి లేదు. ఫిర్యాదు విన్నందుకు వచ్చేది తిట్లు. ఓనరు మాత్రం కనపడడు. ఆమె చూపు ఎప్పుడూ వీధి తలుపు మీదే ఉండటంలో వింతేముంది?

డబ్బు ఎటు పోయింది

ఇదే కేసుకి మూలం. కాస్త ఓపిగ్గా చూడాలి.

ఈ జిమ్‌లో నెలవారీ ఫీజు 1,800. ఏడాదికి ఒకేసారి కడితే 12,000. డిసెంబరు చివర, జనవరి మొదట్లో ఆఫరు: ఏడాది కడితే ఇంకో మూడు నెలలు ఉచితం. అంటే పదిహేను నెలలకి 12,000, నెలకి 800. మెంబర్లలో ఎక్కువమంది ఈ ఆఫర్లోనే చేరారు.

జనవరిలో ఓనరు చేతిలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడింది. అది లాభంలా కనిపించింది. నిజానికి అది రాబోయే పదిహేను నెలల కరెంటు బిల్లు, జీతాలు, రిపేర్లు. అందులోంచి పెద్ద భాగం రెండో బ్రాంచి అడ్వాన్సుకి వెళ్లిపోయింది. వేసవి వచ్చేసరికి పాత మెంబర్ల దగ్గరి నుంచి రావాల్సింది ఏమీ లేదు, ఇవ్వాల్సిన సేవ మాత్రం మిగిలే ఉంది. విత్తనాల వడ్లు సంక్రాంతికే వండుకు తిన్నట్టయింది. అక్కడి నుంచి ప్రతి నిర్ణయమూ దీని వెనకే వచ్చింది. పదిన్నర బ్యాచ్‌కి ఏసీ కట్. ఏఎంసీ వద్దు. జీతాలు ఆలస్యం. నెల గడవాలంటే కొత్తగా డబ్బు తెచ్చేవి రెండే, కొత్త అడ్మిషన్లూ పీటీలూ. అందుకే ట్రైనర్ల మీద అంత పీటీ ఒత్తిడి. మెంబరు "నేను డబ్బు కట్టాను" అంటున్నాడు. ఓనరు లెక్కలో ఆ మెంబరు అయిపోయిన డబ్బు.

దీనికి తోడు జిమ్ వ్యాపారంలో ఎప్పటినుంచో ఉన్న ఒక నమ్మకం ఉంది: చేరినవాళ్లంతా రారు. అబద్ధం కాదు. స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికే మల్మెండియర్ అమెరికాలోని మూడు హెల్త్ క్లబ్బుల మెంబర్లని పరిశీలించి 2006లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురించిన పరిశోధనలో, నెలకి 70 డాలర్లకి పైగా కట్టినవాళ్లు సగటున నెలకి 4.3 సార్లే వచ్చారు. విజిట్‌కి 10 డాలర్లు పడే పాస్ అక్కడే దొరుకుతున్నా, వాళ్లకి ఒక్కో విజిట్ 17 డాలర్ల పైనే పడింది. మన ఓనరు ఆ పరిశోధన చదవలేదు కానీ లెక్క అదే. చిక్కేమిటంటే, రానివాళ్ల డబ్బు మీద నడిచే చోట క్రమం తప్పకుండా వచ్చే మెంబరు ఖర్చులా కనిపించడం మొదలవుతాడు. ఫిర్యాదు చేసేది వాళ్లే. రానివాళ్లకి ఏసీతో పనేముంది?

వాపసు గొడవ

నన్ను పిలవడానికి కొద్దిరోజుల ముందు ఒక మెంబరు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. నన్ను పిలిపించింది నిజానికి ఆ టెన్షనే అని తర్వాత తెలిసింది. ఆయనకి నడుములో డిస్క్ సమస్య వచ్చింది, డాక్టర్ ఎక్సర్‌సైజ్ వద్దన్నారు. నాలుగు నెలలు వాడుకున్న ఏడాది మెంబర్‌షిప్. ఫ్రీజ్ చేయమన్నారు (అంటే కొన్నాళ్లు ఆపి ఉంచమన్నారు), లేదా భార్య పేరుకి మార్చమన్నారు. రిసెప్షన్‌లో గోడ మీది బోర్డు చూపించారు: "ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు."

ఆ బోర్డు పెట్టినంత మాత్రాన చట్టం పక్కకి తప్పుకోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవలో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఫిర్యాదుదారు తాను ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫైలింగ్ ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. లాయరు లేకుండా తనే వాదించుకోవచ్చు. లోపమున్న సేవకి డబ్బు వెనక్కి ఇవ్వననడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఇక్కడ ఓనరు వాదన: "ఆయనకి ఒంట్లో బాగోకపోతే నా సేవలో లోపమెలా అవుతుంది?" ఆ ఒక్క ముక్కలో బలం ఉంది. కానీ టేపు చుట్టిన కేబుల్, అయస్కాంతం అంటించిన ట్రెడ్‌మిల్ ఫొటోలు ఆ మెంబరు ఫోన్‌లో ఉన్నాయి. కమిషన్ ముందుకి అవి వెళితే ఒంట్లో బాగోకపోవడం గురించి ఎవరూ మాట్లాడరు. ఆ సంగతి ఓనరుకి చూపించాక సర్దుబాటుకి వచ్చారు.

ఎంత ఇవ్వాలన్న దగ్గర మళ్లీ పేచీ. వాడుకున్న నాలుగు నెలలకి నెలవారీ రేటు వేస్తే 7,200 పోయి 4,800 మిగులుతుంది, అది ఓనరు లెక్క. ఏడాది ఫీజుని పన్నెండుతో భాగిస్తే నెలకి వెయ్యి. నాలుగు వేలు పోయి 8,000 రావాలి, ఇది మెంబరు లెక్క. రెండింటికీ తర్కం ఉంది. చేరేటప్పుడు ఏ లెక్కో రాసి ఇవ్వలేదు కాబట్టి, సందేహం ఉన్నచోట లాభం కట్టినవాడికే ఇవ్వాలన్నాను. 8,000 ఇచ్చారు. ఆయన ఫిర్యాదు మూసేశారు.

ఏం మార్చాం

మెషిన్లకి సేఫ్టీ కీలు, కేబుళ్లు, ఆయిల్ ముందు వచ్చాయి. శుభ్రం చేసే ఆమెకి సాయంత్రం షిఫ్టు కలిసింది, జీతమూ పెరిగింది. ఇవన్నీ మొదటి వారంలోనే అయిపోయాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

కష్టమైంది ట్రైనర్ల జీతం. రద్దీ వేళల్లో ఒక ట్రైనర్ నారింజ రంగు టీషర్టు వేసుకుని ఫ్లోర్ డ్యూటీలో ఉండాలి. ఆ రెండు గంటలూ పీటీ ముట్టకూడదు, ఫోన్ లాకర్లో ఉండాలి, దానికి రోజు లెక్కన విడిగా అలవెన్సు. కొత్తగా చేరిన ప్రతి మెంబరుకీ మొదటి మూడు సెషన్లు ఒక ట్రైనర్ దగ్గరుండి చేయించాలి. మెంబరు సంతకం పెడితే ట్రైనర్‌కి సెషన్‌కి ఇంత అని వస్తుంది. టార్గెట్ షీట్‌లో ఆ గడి ఇప్పుడు ఉంది. రిసెప్షన్ కమీషన్‌లో సగం అడ్మిషన్‌కి, సగం ఆ మెంబరు మూడో నెలలో కూడా వస్తూంటేనే. హాజరు ఎలాగూ బయోమెట్రిక్‌లో ఉంటుంది.

మహిళల విషయంలో రూలు ఒక్క ముక్క: ముందు నోటితో చెప్పాలి, చేసి చూపించాలి, చేయి వేయాలంటే అడగాలి. ఆడవాళ్లకే కాదు, అందరికీ. సాయంత్రానికి లేడీ ట్రైనర్‌ని పెట్టారు. ఫిర్యాదు వచ్చిన ట్రైనర్‌తో ఓనరు నా ముందే మాట్లాడారు. అతను మొదట కస్సుమన్నాడు, తర్వాత విన్నాడు. పదిన్నర బ్యాచ్‌కి ఏసీ వచ్చింది, పూర్తిగా కాదు, కార్డియో వైపు రెండు యూనిట్లు.

ఫ్రీజ్, ట్రాన్స్‌ఫర్, వాపసు నియమాలు తెలుగులో ఒక పేజీ మీద రాయించాం. డబ్బు కట్టకముందే చేతికిచ్చి సంతకం తీసుకుంటారు. వాపసు లెక్క ఎలా కడతారో ఉదాహరణతో సహా అందులో ఉంది. పాత బోర్డు తీసేశారు. బిల్లులో ఫీజు, పన్ను విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆడిటర్‌తో కూర్చుని లెక్క చూస్తే ఏడాది ఫీజులో 500 తగ్గించే వీలు కనిపించింది. తగ్గించారు. సలహాల పెట్టె పోయింది. దాని బదులు కౌంటరు మీద దారంతో కట్టిన ఒక పుస్తకం: ఫిర్యాదు, ఎవరు చూడాలి, ఎప్పటికి, అయిందా లేదా. ఎవరి ఫిర్యాదైనా ఎవరైనా చదవొచ్చు.

ఒక్కటి మాత్రం సగమే జరిగింది. ఏడాది ఫీజులన్నీ విడి ఖాతాలో వేసి, ప్రతి నెలా ఆ నెల వాటా మాత్రమే బయటికి తీయమన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అన్నీ అంటే నా వల్ల కాదు సార్, బ్రాంచి వాయిదాలున్నాయి" అన్నారు. సగం వేయడానికి ఒప్పుకున్నారు.

సంక్రాంతి దాటాక

జనవరి రద్దీలో రెండుసార్లు వెళ్లి చూశాను. మొదటి మూడు సెషన్ల పద్ధతి నిలబడింది. ఇందులో నాకే ఆశ్చర్యం కలిగించింది పీటీ సంగతి. ఉచితంగా నేర్పితే పీటీ పడిపోతుందని ట్రైనర్లు భయపడ్డారు. మూడు సెషన్లు చేయించాక, ఆ ట్రైనర్ నచ్చి తామే అడుగుతున్నవాళ్లు కనిపించారు. ఇదే ప్రతిచోటా జరుగుతుందని చెప్పను. ఇక్కడ ఇద్దరు ట్రైనర్లకి బాగా జరిగింది, ఒకతనికి లేదు.

సీనియర్ ట్రైనర్ వెళ్లిపోయాడు. ఫ్లోర్ డ్యూటీ గంటల వల్ల అతని పీటీ స్లాట్లు పోయాయి. దగ్గర్లో కొత్తగా తెరిచిన జిమ్‌కి తన క్లయింట్లతో సహా వెళ్లాడు. ఓనరు నాకు ఫోన్ చేసి దులిపేశారు, ఆ కోపంలో తప్పు లేదు. మంచి ట్రైనర్‌కి రద్దీ వేళలే సంపాదన వేళలు. అలవెన్సు దాన్ని పూర్తిగా పూడ్చలేదు. ఆ మొత్తం పెంచే విషయం ఇంకా నడుస్తోంది.

కౌంటరు మీది పుస్తకంలో ఫిర్యాదులు తగ్గలేదు, పెరిగాయి. ఓనరుకి అది నచ్చలేదు. నాకు నచ్చింది, ఎందుకంటే ఇదివరకు అవన్నీ ఆయనకి కనపడని గ్రూపులో ఉండేవి. ఎదురుగా "అయింది" అని తేదీ పడుతున్నవి ఎక్కువే, మెషిన్ల మీదివి దాదాపు అన్నీ. తేదీ పడనివి రెండు రకాలు: రీల్స్ తీసుకునేవాళ్లు బెంచి వదలరని, సెల్లార్‌లో వాసనని. మొదటిదానికి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ట్రైపాడ్లు నిషేధించారు, అమలు అంతంతమాత్రం. రెండోదానికి బయటి గాలి తెచ్చే డక్ట్ వేయాలి, దానికి గోడ కొట్టాలి, గోడ బిల్డింగ్ యజమానిది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇద్దరి మధ్యా తేలలేదు. అద్దె అగ్రిమెంటు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఆ షరతు రాయించుకోమని ఓనరుకి చెప్పి ఉంచాను.